నెగెటివ్ ఎవురి చేతిలో ఉండాల?

మొన్న నైట్ షిఫ్ట్ దిగి కంపెనీ బస్సులో తడకి వస్తా ఉంటే పక్క సీట్లో పిల్లోడు మెల్లిగా మోచేత్తో పొడిచినాడు. ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి వాడికి. "అన్నా, నువ్వు బట్టల్లేకుండా ఫోటోలు తీస్తావంట గదా. ఒకటి చూపీన్నా" అన్నాడు. కండ్లు నా ఫోన్ మీదే ఉండాయి.

"ఫోన్లో లేవబ్బా" అన్నా.

"మరి ల్యాప్‌టాప్‌లోనా?"

"ఆడా లేవు. చానామటుకు నా కాడే లేవు."

వాడు నమ్మలా. నవ్వేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కిటికీ పక్కకి తిరిగినాడు.

వాడు నమ్మకపోవడంలో తప్పు లేదు. మన ఊర్లల్లో 'న్యూడ్' అనే మాట వినబడిందంటే ఎవురి కొంపో మునిగిందనే అర్థం. లోన్ యాప్ వాళ్లు మొహం మార్ఫింగ్ చేసి కాంటాక్టుల్లో ఉండే చుట్టాలందరికీ పంపినారనో, విడిపోయినాక ఆ పిల్ల వీడియో వీడు గ్రూపుల్లో ఏసినాడనో, తెలవని నంబరు నుంచి వీడియో కాల్ ఎత్తి ఫలానావోడు ఇరుక్కున్నాడనో వింటాం. ఆ మాటకి మనకి తెలిసిన అర్థం బెదిరింపు ఒక్కటే.

నేను చేసేది వేరే పని. మూడేండ్లుగా పాత రీలు కెమెరాతో ఒంటి ఫోటోలు తీస్తా ఉండా. అందరూ పద్దెనిమిది దాటినోళ్లే, వాళ్ల ఇష్టంతోనే, వాళ్ల కోసమే. డబ్బులు తీసుకోను, ఇవ్వను. ఈ మూడేండ్లల్లో నా కెమెరా ముందు నిలబడింది ఏడుగురే. ఫోటో విద్య ఎంత వచ్చిందో తెలవదు గానీ ఒక లెక్క మటుకు బాగా తెలిసింది. ఒళ్లు ఎవురిదో బొమ్మ వాళ్లది. ఆ లెక్క నాకు ఈ పాత రీలు ఎట్టా నేర్పించిందో చెప్తా.

షిఫ్టుల మధ్య ఒక రీలు

నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ ఆపరేటర్ని. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. వారం వారం మారతా ఉంటాయి. ఇంట్లో పెండ్లాం, నాలుగేండ్ల బిడ్డ. నాకు స్టూడియో లేదు, తీరికా లేదు. ఉండేది మా మామ కెమెరా.

మామకి తడలో ఫోటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్ట్ సైజులు, పెండ్లిండ్లు, చచ్చిపోయినోళ్లకి దండేసే ఫోటోలు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ల 'ఇందు' డబ్బాలు గోడకి వరసగా పేర్చి ఉండేవి. ఆ కంపెనీ మూతపడింది. ఫోన్లు వచ్చినాక మామ స్టూడియో గూడా మూతపడింది. మిగిలింది ఒక యాషికా మ్యాట్ 124జీ కెమెరా, ఫిల్మ్ కడిగే ట్యాంకు ఒకటి, బల్బు పోయిన ఎన్‌లార్జర్ ఒకటి. ఆ కెమెరాలో 120 రీలు ఏస్తే 12 బొమ్మలు వస్తాయి. అంతే. పదమూడోది లేదు.

నెలకి ఒక రీలు నా లెక్క. రీలూ మందులూ కలిపి దగ్గర దగ్గర వెయ్యి, పన్నెండొందలు అవతాది. ఏ షిఫ్టు వారంలో రెండింటికి దిగతా, మూడున్నర నుంచి ఐదు దాకా కిటికీ వెలుతురు మెత్తగా ఉంటాది. అప్పుడు తీస్తా. బీ షిఫ్టు వారంలో పొద్దున్నే తీయొచ్చు. సీ షిఫ్టు వారంలో కెమెరా ముట్టను. నిద్రలేని కండ్లతో మనిషిని సరిగ్గా చూడలేం. ఆ వారం ఫిల్మ్ కడగడానికి పెట్టుకుంటా. తీసేదానికి ఒక గంట, కడిగేదానికి ఒక గంట. నెలకి రెండు గంటలు దొరకని ఉద్యోగం ఉండదు.

"ముందు నువ్వు తీయించుకున్నావా?"

మొదట్లో నాకు ఈ ఆలోచన పుట్టించింది పులికాట్ కాడ వల ఏసే ఒక పెద్దాయన. అరవై దాటుంటాయి. వంగి వల లాగతా ఉంటే ఆయన వీపు మీద ఎండ పడింది. ఎముక, నరం, చర్మం అన్నీ వేటికవి కనబడినాయి. ఆ వీపు మీద ఒక బతుకంతా రాసి పెట్టినట్టుంది. పోయి అడిగినా. "పెద్దాయనా, నీ ఒంటి ఫోటో తీస్తా. ఇంట్లో, కిటికీ కాడ, గుడ్డల్లేకుండా."

ఆయన తిట్టలా. వల దులపతా, "నువ్వు ముందు తీయించుకున్నావా?" అని అడిగినాడు.

నా కాడ జవాబు లేదు.

ఆ ఆదివారం ఇంట్లో ఎవురూ లేనప్పుడు తలుపేసి, కెమెరా స్టాండు మీద పెట్టి, సెల్ఫ్ టైమర్ తిప్పి, నేనే నిలబడినా. చేతులు యాడ పెట్టుకోవాలో తెలవలా. పొట్ట లోపలికి లాక్కున్నా. టైమర్ గిర్రుమని తిరగతా ఉంటే ఒక్కటే ఆలోచన, ఈ బొమ్మ ఎవురు చూస్తారు అని. తీసేది నేనే, తీయించుకునేది నేనే, అయినా భయమే. కడిగినాక ఆ నెగెటివ్‌ని మామ గూడా చూడకుండా బీరువాలో బట్టల కింద పెట్టినా.

ఈ పని చేయాలనుకునే ఎవురికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. మొదటి రీలు మీ ఒంటి మీద ఖర్చు పెట్టండి. ఆ భయం మీకు తెలిసినాకే ఇంకొకర్ని అడగండి. ఆ పెద్దాయన ఎప్పటికీ ఫోటో తీయించుకోలా. నాకు చెప్పాల్సింది మటుకు ఆ ఒక్క మాటలో చెప్పినాడు.

ఆ మాట అడిగే వీలు మన ప్రాంతంలో ఒకప్పుడు జనానికి లేకపోయింది. ఎడ్గర్ థర్‌స్టన్ అని బ్రిటిష్ కాలంలో మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంట్. ఆయన జనాల తలలు, ముక్కులు కొలిచి, ఫోటోలు పెట్టి, 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం ఏసినాడు. ఏడో సంపుటంలో యానాదులున్నారు. మన శ్రీహరికోట, పులికాట్ చుట్టూ బతికిన మనుషులే. అట్టాంటి ఫోటోల కింద మనిషి పేరుండదు, కులం పేరుంటాది. పుస్తకం మీద రాసినోడి పేరు ఉండాది, కెమెరా ముందు నిలబడినోడి పేరు లేదు. సగం గుడ్డతో నిలబడిన ఆ మనుషులు ఆ బొమ్మ యాడికి పోతాదో, ఎవురు చూస్తారో అడిగే కాలం గాదది.

ఈ రోజు గ్రూపుల్లో తిరిగే వీడియోకి, ఆ పుస్తకంలో ఫోటోకి నాకు పెద్ద తేడా కనబడదు. రెండింటిలోనూ ఒళ్లు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది.

మనకి కొత్తదేం గాదు

"ఇదంతా ఫారిన్ పిచ్చి" అంటారు కొందరు. ఏర్పేడు కాడ గుడిమల్లం పోయి చూడండి. రెండు వేల ఏండ్ల నాటిదని చెప్పే ఆ లింగం మీద చెక్కిన శివుడికి కట్టిన గుడ్డ ఎంత పల్చగా ఉంటాదంటే లోపల ఒళ్లు తెలస్తా ఉంటాది. చెక్కినోడికి ఒళ్లంటే సిగ్గు లేదు, భక్తి ఉండాది.

మన తెలుగు చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టినాడు. బొంబాయి జేజే స్కూల్లో చదివినాడు. ఆడ మనిషిని ఎదురుగా నిలబెట్టుకొని ఒంటిని గీయడం చదువులో భాగం. ఆయన గీసిన నగ్న చిత్రాలు ఉండాయి. 1925లో మశూచితో పోయినాడు, ముప్పై గూడా నిండలా. రాజమండ్రిలో ఆయన పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉండాది, మన తాతల కాలం నుంచి జనం పోయి చూస్తా ఉండారు. ఊరేమీ చెడిపోలా.

కెమెరాతో ఈ పని చేసినోళ్లలో నాకు బాగా దగ్గరగా అనిపించేది అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్. 1915లో ఆమె తన మొగుడిని కొండ మీద బట్టల్లేకుండా ఫోటోలు తీసింది. ఆడమనిషి మగోడిని తీయడమేందని గోల అయింది. ఆ నెగెటివ్‌లు చానా ఏండ్లు పక్కన పెట్టేసింది. తర్వాత ముగ్గురు మగపిల్లలు, అందులో ఇద్దరు కవలలు. ఇల్లు కదిలే దారి లేదు. ఏం చేసింది? పెరట్లో పూలు, మొక్కలు తీసింది. దొరికిన కాస్త టైములో స్నేహితుల్ని తీసింది. 1928లో ఆమె తీసిన 'ట్రయాంగిల్స్' అనే ఫోటోలో ఒళ్లు ఒళ్లు మాదిరి గాకుండా వెలుగూ నీడల త్రికోణాల మాదిరి కనబడతాది. టైము లేదు అనేవాళ్లకి ఆమె బతుకే జవాబు.

మన దేశంలో ప్రబుద్ధ దాస్‌గుప్తా అని గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవాడు, 2012లో పోయినాడు. 1996లో ఆయన 'విమెన్' అనే ఫోటోల పుస్తకం తెచ్చినాడు. అందులో నగ్న చిత్రాలు ఉండాయి. దానికి ముందు ఏడాది, 1995లో, ఒక బూట్ల ప్రకటనకి మోడళ్లు మిలింద్ సోమన్, మధు సప్రేలని బట్టల్లేకుండా తీసింది గూడా ఆయనే. దాని మీద కేసు పడింది. 14 ఏండ్లు నడిచి 2009లో నిర్దోషులని తేలింది. ఈ 14 ఏండ్ల సంగతి గుర్తు పెట్టుకోండి, చట్టం కాడికి వచ్చినప్పుడు పనికొస్తాది.

రీలే ఎందుకు?

ఫోన్లో రూపాయి ఖర్చు లేకుండా తీయొచ్చు గదా అంటారు. నేను రీలుతో తీయడానికి మూడు కారణాలు.

ఒకటి, పన్నెండే బొమ్మలు. ఫోన్లో రెండొందలు తీసి ఒకటి ఏరుకుంటాం. ఎదురుగా ఉండే మనిషి ఆ రెండొందల సార్లూ సరుకు మాదిరి నిలబడాల. పన్నెండే ఉంటే ముందు కూర్చొని మాట్లాడుకుంటాం, వెలుతురు చూస్తాం, చిన్నంగా ఒకటి తీస్తాం.

రెండు, ఫోన్ బొమ్మ మనం తీసిన చోట ఉండదు. మనకి తెలవకుండానే గ్యాలరీ నుంచి క్లౌడ్‌కి పోతాది, పాత ఫోన్ అమ్మినా వెనక్కి తీయొచ్చు, ఫోన్ రిపేరుకిస్తే షాపోడు చూడొచ్చు. నెగెటివ్ ఒకటే. చేత్తో పట్టుకొని ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు. నేను కడిగి, ఆరబెట్టి, ఒక కాంటాక్ట్ ప్రింటు తీసి, నెగెటివ్ కవర్లో పెట్టి వాళ్లకే ఇచ్చేస్తా. ప్రింటు నా కాడ ఉంచుకోవాలా వద్దా అనేది వాళ్లు చెప్పాల. ఏడుగురిలో ఇద్దరే ఉంచుకో అన్నారు. అందుకే బస్సులో పిల్లోడితో నా కాడే లేవు అన్నా.

మూడు, కడిగేదాకా బొమ్మ లేదు. దీని సంగతి కింద చెప్తా.

ఒక మాట మటుకు నిజాయితీగా చెప్పాల. రీలు దానంతట అది బీరువా తాళం గాదు. నెగెటివ్‌ని గూడా ఫోన్‌తో ఫోటో తీసి రంగులు తిప్పేస్తే బొమ్మ వస్తాది. ల్యాబ్‌కి ఇస్తే ల్యాబ్ వాళ్లు చూస్తారు, స్కాన్ చేసి మెయిల్లో పంపుతారు. అందుకే ఇట్టాంటి రీలు నేను బయట ఇవ్వను. తీసేవాడు మంచోడు గాకపోతే ఏ కెమెరా అయినా ఒకటే.

ఇద్దరి కథ

మా ఇంట్లో ఆమెని అడగడానికి నాకు ఏడాది పట్టింది. అడిగితే మొదట నవ్వింది. ఒక నెల తర్వాత ఆమే చెప్పింది, "తీస్తే ఈ కుట్లు కనబడాల. మొహం వద్దు." బిడ్డ పుట్టినప్పుడు ఆపరేషన్ చేసిన కోత అది. ఆ కోతని ఆమె ఎన్ని రోజులు దాచుకునిందో నాకు తెలుసు. పక్కనుంచి వెలుతురు పడితే ఆ గీత దారం మాదిరి మెరిసింది. నెగెటివ్ ఆమె కాడే ఉండాది. యాడ పెట్టిందో నాకు తెలవదు, అడగను గూడా.

రెండో కథలో తప్పు నాది. మా ఆమెకి స్నేహితురాలు ఒకామె, నలభైకి దగ్గర వయసు. ఆమే అడిగి, చెల్లెల్ని తోడు తీసుకొని వచ్చింది. కార్తీక మాసం, సన్నంగా ముసురు. మన పక్క ఆ ముసురు వెలుతురు ఎట్టా ఉంటాదో మీకు తెలుసు, నీడ అనేదే లేకుండా పాలు పోసినట్టు ఉంటాది. పన్నెండు తీసినా. షట్టర్ నొక్కతా ఉంటేనే తెలిసిపోయింది, నా జన్మలో ఇంతకంటే మంచి రీలు రాదని.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. "అన్నా, కడిగినావా?"

"ఇంకా లేదమ్మా. సీ షిఫ్ట్‌లో ఉండా."

"వద్దనిపిస్తా ఉండాదన్నా."

నాకు గొంతు పెగల్లా. లోపల ఏమనుకున్నానో దాచకుండా చెప్తా. 'కడిగేసినా, ఒకసారి చూసి అప్పుడు చెప్పు' అని అబద్ధం చెప్దామనుకున్నా. చూస్తే ఒప్పుకుంటాది, అంత బాగా వచ్చుంటాది అనుకున్నా. ఆ అబద్ధం నోటి చివర దాకా వచ్చింది. మా ఆమె నా మొహం చూసి ఫోన్ లాక్కొని, "రామ్మా, వచ్చి తీసుకుపో" అనింది.

సాయంత్రం వచ్చింది. రీలు ఆమె చేతిలో పెట్టినా. బట్టలారేసే చోట నిలబడి, అంటించిన కాగితం చించి, మొత్తం బయటికి లాగింది. కడగని ఫిల్మ్ మీద ఏ బొమ్మా కనబడదు. వెలుతురు తగిలిందంటే ఇంక ఎప్పటికీ కనబడదు. రెండడుగుల పైచిలుకు ఫిల్మ్, అన్నీ అయిపోయినాయి. ఆమె మొహంలో ఒక తేట వచ్చింది. "వదినా, టీ పెడతావా?" అని అడిగింది.

ఎందుకు వద్దనుకునిందో నేను అడగలా. మళ్లీ రాలా, రావాల్సిన పనీ లేదు. ఖాళీ స్పూలు మటుకు నా కాడ ఉండాది. ఈ పనిలో నేను నిజాయితీగా ఉండాను అని చెప్పుకోడానికి నా కాడ ఉండే రుజువు ఆ స్పూలే. అది గూడా మా ఆమె పుణ్యం.

ఒకసారి సరే అన్న మాట జీవితాంతం సరే గాదు. తీసే ముందు సరే అనొచ్చు, తీసినాక వద్దనొచ్చు. ఫోన్లో ఆ వద్దు చెప్పేలోపలే బొమ్మ పది చోట్లకి పోయుంటాది. రీలు ఆ వద్దు అనే మాటకి నాలుగు రోజుల టైము ఇచ్చింది. నాకు రీలు మీద గౌరవం అందుకే.

తీసేటప్పుడు, కడిగేటప్పుడు

నేను పాటించే కట్టుబాట్లు ఇవి. ఎంత తెలిసినోళ్లైనా పద్దెనిమిది నిండినట్టు కార్డు చూడాల. వాళ్లకి నమ్మకమైన మనిషి ఒకరు గదిలో ఉండాల. నాదీ వాళ్లదీ అందరి ఫోన్లూ బయట బుట్టలో. తలుపు గొళ్లెం వాళ్ల పక్కన ఉండాల, నా పక్కన గాదు. ముట్టుకోను. ఎట్టా నిలబడాలో నేను నిలబడి చూపిస్తా. మొహం ఉండాలా వద్దా, ఎవురికి చూపించొచ్చు అనేది ముందే తెలుగులో కాగితం మీద రాసుకుంటాం. ఇంకోటి, నాకు బాకీ ఉన్నోళ్లని, నా కింద పనిచేసేవాళ్లని, నాకు 'కాదు' అని చెప్పలేనోళ్లని అడగను. 'కాదు' అనలేని మనిషి 'సరే' అంటే దానికి విలువ లేదు.

వెలుతురుకి ఖర్చేం లేదు. ఎండ నేరుగా పడని కిటికీ, దానికి పల్చటి తెల్ల పంచె, ఎదురుగా వెలుతురు తిరిగి కొట్టడానికి ఇంకో తెల్ల దుప్పటి. 400 స్పీడు ఫిల్మ్‌తో ఎఫ్ 4, సెకనులో అరవయ్యో వంతు కాడ మొదలు పెడతా. వెలుతురు కొలవడానికి ఫోన్లో లైట్ మీటర్ యాప్ చాలు, చూసుకొని ఫోన్ మళ్లీ బుట్టలో ఏసేస్తా.

కడగడం అనేది మన పెద్దోళ్ల మాట, అందులో మంత్రమేం లేదు. ఎర్రలైటు గది సినిమాల్లో చూసుంటారు, ఆ ఎర్రలైటు ప్రింటు కాగితానికే. ఫిల్మ్‌ని ట్యాంకులోకి ఎక్కించేటప్పుడు చుక్క వెలుతురు ఉండకూడదు. దానికి చేతులు దూర్చే నల్ల సంచి ఉంటాది. మూత పడినాక అంతా వెలుతుర్లోనే. నేను వాడేది ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్, డి-76 డెవలపర్. డెవలపర్‌కి సమంగా నీళ్లు కలిపితే 20 డిగ్రీల కాడ 11 నిమిషాలు. నిమిషానికి పది సెకన్లు ట్యాంకు తలకిందులు చేస్తా ఉండాల. తర్వాత స్టాప్ బాత్, ఆ తర్వాత హైపో, ఆ తర్వాత పది నిమిషాలు నీళ్లు.

మన తడలో కష్టం ఆ 20 డిగ్రీలే. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి. నేను మట్టి కడవ నీళ్లు తీసుకొని, మందు సీసాని ఐసు ఏసిన బకెట్లో నిలబెడతా. ఐసు నేరుగా మందులో ఏస్తే మందు పల్చనైపోతాది, జాగ్రత్త. వాడేసిన హైపోలో వెండి కరిగి ఉంటాది. దాన్ని కాలవలో పోయొద్దు, ఆ నీళ్లు పోయేది పులికాట్‌కే. నేను క్యాన్‌లో దాచి పెడతా ఉండా.

ఉబ్బలమడుగు కాడనో, పులికాట్ గట్టు మీదనో తీస్తే బాగుంటాది గదా అని అడుగుతారు. వద్దు. పది మంది తిరిగే చోట బట్టలిప్పితే అది కేసు. అంతకంటే ముఖ్యం, ఆడ ఎవుడి చేతిలో ఫోన్ ఉందో మనకి తెలవదు.

చట్టం ఏమంటాది?

బట్టల్లేని బొమ్మ అంతా బూతు గాదని మన సుప్రీంకోర్టే చెప్పింది. 1993లో టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయన చేసుకోబోయే అమ్మాయి బట్టల్లేకుండా ఉన్న ఫోటో ఒకటి కలకత్తాలో పత్రికల్లో పడింది. నలుపూ తెలుపూ రంగు వివక్షకి ఎదురుగా తీయించుకున్న ఫోటో అది, తీసింది ఆ అమ్మాయి తండ్రే. దాని మీద కేసు నడిచి నడిచి 2014లో, అవీక్ సర్కార్ కేసు తీర్పులో, ఉత్త నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం గాదు, బొమ్మ ఏం చెప్తా ఉందో ఈ కాలం జనం కండ్లతో చూడాల అని తేల్చినారు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గూడా అశ్లీల సాహిత్యం గురించిన 294 సెక్షన్‌లో కళకి మినహాయింపు ఉండాది.

అట్టని ఇన్‌స్టాలో పెట్టేయొచ్చు అనుకోవద్దు. ఆ కేసు తేలడానికి ఇరవై ఏండ్లు, బూట్ల ప్రకటన కేసుకి 14 ఏండ్లు పట్టింది. వాళ్లకి లాయర్లు ఉండారు. మనకి లీవు గూడా దొరకదు. ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లు ఉండాయి. పద్దెనిమిది లోపు పిల్లల విషయంలో కళ అనే మాటే లేదు, పోక్సోనే.

ఇంకోటి, మన పిల్లలకి చానామందికి తెలవనిది. ఒక ఆడమనిషి ఇష్టంతోనే ఫోటో తీయించుకోనీ, దాన్ని బయట పెట్టమని ఆమె చెప్పకుండా పంచితే అది నేరమే. న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో ఈ మాట సూటిగా రాసి ఉండాది. మొదటిసారికే ఏడాది నుంచి మూడేండ్ల దాకా జైలు. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఐటీ చట్టం 66ఈ వర్తిస్తాది, దానికి మూడేండ్ల దాకా శిక్ష. 'ఆ పిల్లే పంపింది గదా' అనేది జవాబు గాదు. నాకు పంపింది అంటే ఊరికి పంపమని గాదు.

మా వీధిలోనే ఒక పిల్లకి ఇట్టాంటిది జరిగింది. మొహం ఆమెది, ఒళ్లు ఎవురిదో. పదకొండు రోజులు ఇంట్లో ఎవురికీ చెప్పలా, అన్నం తినలా. వాళ్లమ్మ మా ఆమెతో చెప్పుకొని ఏడిస్తే తెలిసింది. మీకో మీ స్నేహితులకో ఇట్టా జరిగితే డబ్బులు ఇవ్వొద్దు, ఇస్తే మళ్లీ అడుగుతారు. మెసేజీలు చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. 1930కి ఫోన్ చేయండి, లేదంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టండి. ఆడవాళ్లకి, పిల్లలకి జరిగినవైతే పేరు చెప్పకుండా గూడా ఆడ ఫిర్యాదు పెట్టొచ్చు. 'స్టాప్ ఎన్‌సీఐఐ' అని ఒక సైట్ ఉండాది. పద్దెనిమిది దాటినోళ్లు తమ బొమ్మని యాడికీ పంపకుండానే, దాని గుర్తు మటుకు తయారు చేసి ఇస్తే, అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి ఆ బొమ్మ ఎక్కకుండా ఆపుతాయి. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఒకరికి చెప్పండి. సిగ్గు పడాల్సింది ఫోటోలో ఉండే మనిషి గాదు, పంచినోడు.

ఆ పిల్ల ఇప్పుడు బాగుండాది. మొన్న ఇంటికొచ్చి కెమెరా తిప్పి తిప్పి చూసింది. పైనుంచి అద్దంలో చూస్తే మనిషి కుడి ఎడమ తారుమారుగా కనబడతాడు ఆ కెమెరాలో. అది చూసి నవ్వింది.

బస్సులో అడిగిన తమ్ముడూ, ఇది నీ ఫోన్లోకి వస్తే చదువుకో. ఏ షిఫ్ట్ వారంలో ఎప్పుడైనా ఇంటికి రా, కెమెరా చూపిస్తా, ఫిల్మ్ కడగడం నేర్పిస్తా. కావాలంటే ఒక రీలు ఇస్తా, మొదటిది నిన్ను నువ్వే తీసుకో. నేను తీసిన ఫోటోలు మటుకు అడగొద్దు. అవి నావి గాదు.